లాక్‌డౌన్‌కు ఐదేళ్లు: వలస కార్మికుడి చిరునామా ఏది?

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి నరేంద్ర మోదీ జాతినుద్దేశించి ప్రసంగించారు. ఆ అర్ధరాత్రి నుంచి దేశమంతటా 21 రోజుల పాటు లాక్‌డౌన్ అమలవుతుందని, ఎక్కడివారు అక్కడే ఉండాలని కోరారు. రైళ్లు అప్పటికే ఆగిపోయాయి. రాష్ట్రాల సరిహద్దులు మూతపడ్డాయి. విపత్తు నిర్వహణ చట్టం కింద వెలువడిన ఆ ఆదేశం మే 31 వరకు నాలుగు విడతలుగా కొనసాగింది.

ఇంట్లో ఉండమన్న సూచన అందరికీ ఒక్కటే. కానీ ‘ఇల్లు’ అన్న మాటకు అందరికీ ఒకే అర్థం లేదు. నెల జీతగాడికి ఇల్లు అంటే తాను ఉంటున్న చోటు. భవన నిర్మాణ కూలీకి, ఇటుక బట్టీ కార్మికుడికి, రైస్ మిల్లు హమాలీకి ఇల్లు అంటే వందల మైళ్ల దూరంలోని సొంతూరు. పనిచేసే చోట వారికి ఉన్నది రేకుల షెడ్డు, లేదా నలుగురైదుగురు పంచుకునే అద్దె గది. పని ఆగిన నాడే ఆ నీడకూ గడువు మొదలైంది. కొద్ది రోజులకే లక్షల మంది జాతీయ రహదారుల వెంట, రైలు పట్టాల వెంట నడక సాగించారు.

ఐదేళ్ల తర్వాత వెనుదిరిగి చూస్తే ఆ నడకకు ఆకలి, భయం మాత్రమే కారణాలు కావని అర్థమవుతుంది. దేశంలో పౌరుడికి లభించే రక్షణలన్నీ దాదాపుగా చిరునామాతో ముడిపడి ఉన్నాయి. ఊరు దాటినవారికి అవి వెంట రాలేదు. లాక్‌డౌన్ ఆ లోపాన్ని సృష్టించలేదు, ఒక్కసారిగా బయటపెట్టింది. దాన్ని సరిదిద్దే ప్రయత్నం ఎంతవరకు సాగిందన్నదే ఇప్పటి ప్రశ్న.

యజమాని ఎవరు?

కేంద్ర హోంశాఖ 2020 మార్చి 29న ఒక ఉత్తర్వు జారీ చేసింది. మూతపడిన సంస్థలు కార్మికులకు కోత లేకుండా వేతనం చెల్లించాలని, ఇంటి యజమానులు నెల రోజుల పాటు అద్దె అడగరాదని అందులో ఆదేశించింది. ఉద్దేశం మంచిదే. అయితే ఆ ఉత్తర్వు అమలు కావాలంటే ముందుగా యజమాని ఎవరో తేలాలి.

వలస కూలీకి తెలిసిన యజమాని సాధారణంగా మేస్త్రీ ఒక్కడే. ఊరికి వచ్చి అడ్వాన్సు ఇచ్చి, పనివాళ్లను కూడగట్టి తీసుకువెళ్లేది అతడే. అతడి పైన సబ్ కాంట్రాక్టరు, ఆ పైన కాంట్రాక్టరు, అందరికీ పైన నిర్మాణ సంస్థ. ఇన్ని మెట్లలో ఏ మెట్టు మీదా కూలీ పేరున్న కాగితం ఉండదు. నియామక పత్రం లేదు, హాజరు పట్టీ లేదు, అద్దె ఒప్పందం అసలే లేదు. లాక్‌డౌన్ మొదటి వారాల్లో చిక్కుకుపోయిన కార్మికుల సహాయ బృందం ‘స్వాన్’ తనను సంప్రదించిన 11 వేల మందికి పైగా కూలీల వివరాలు సేకరించింది. వారిలో 96 శాతం మందికి ప్రభుత్వ రేషన్ అందలేదు. 89 శాతం మందికి యజమానుల నుంచి వేతనం రాలేదు. సహాయం కోరిన వారి నుంచే సేకరించిన లెక్క కనుక ఇది దేశమంతటికీ సగటు కాదు. అయినా ఉత్తర్వుకు, కూలీ చేతికి మధ్య ఉన్న దూరాన్ని అది చూపింది. వేతనాల ఆదేశం మే నెల మధ్యలో రద్దయింది.

చట్టాలు లేక కాదు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం అప్పటికి 1979 నుంచే ఉంది. కాంట్రాక్టరు తన వెంట తెచ్చిన ప్రతి కూలీ పేరు నమోదు చేయాలని, ప్రయాణ భత్యం, తరలింపు భత్యం, నివాసం కల్పించాలని ఆ చట్టం చెప్పింది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996 చట్టం కింద వసూలైన సెస్సు నిధులు 2020 మార్చి నాటికి రాష్ట్రాల సంక్షేమ బోర్డుల వద్ద సుమారు రూ. 52 వేల కోట్లు ఉన్నాయి. ఆ సొమ్మును కార్మికుల ఖాతాల్లో జమ చేయాలని కేంద్ర కార్మికశాఖ సూచించింది. కానీ నమోదు రాష్ట్రాలవారీగా జరుగుతుంది. ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి పోయి, అక్కడ నగరం నుంచి నగరానికి మారే కూలీ ఏ బోర్డు జాబితాలోనూ చేరకపోవడానికే అవకాశం ఎక్కువ.

ఒకే స్టేషన్, రెండు రైళ్లు

ఈ వైరుధ్యం తెలుగు నేల మీదే స్పష్టంగా కనిపించింది. వలస కార్మికుల కోసం దేశంలో నడిచిన తొలి శ్రామిక్ ప్రత్యేక రైలు 2020 మే 1 వేకువన హైదరాబాద్ శివార్లలోని లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. సుమారు 1,200 మంది అందులో ప్రయాణించారు. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాద్ నిర్మాణ పనులు చేస్తున్న కూలీలు అంతకు రెండు రోజుల ముందే జీతాల కోసం, ఇళ్లకు పంపాలని ఆందోళనకు దిగారు.

వారం తిరిగేసరికి అదే లింగంపల్లికి ఎదురు దిశలో మరొక రైలు వచ్చింది. బిహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందల మందికి పైగా హమాలీలు అందులో దిగారు. యాసంగి ధాన్యం కొనుగోళ్లు ముమ్మరంగా సాగుతున్న సమయమది. రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే చేతులు కరవయ్యాయి. తెలంగాణ ప్రభుత్వమే చొరవ తీసుకుని వారిని రప్పించింది. కర్ణాటకలోనైతే నిర్మాణ సంస్థల ప్రతినిధులతో ప్రభుత్వం సమావేశమైన తర్వాత శ్రామిక్ రైళ్లను రద్దు చేసి, విమర్శలు రావడంతో మళ్లీ అనుమతించారు. కూలీ లేనిదే నగరం నడవదని ప్రభుత్వాలకు తెలుసు. కానీ ఆ కూలీ నగరంలో ఎక్కడ నిలవాలన్నది ఎవరి బాధ్యతా కాలేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. రేషన్ కార్డుతో నిమిత్తం లేకుండా వలస కూలీకి 12 కిలోల బియ్యం లేదా పిండి, రూ. 500 ఇస్తామని తెలంగాణ ప్రకటించింది. గుజరాత్‌లోని వేరావల్ రేవులో చిక్కుకున్న ఉత్తరాంధ్ర మత్స్యకారులు వేల మందిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బస్సులలో వెనక్కి తీసుకువచ్చింది. మే 1 నుంచి ఆగస్టు 31 వరకు దేశమంతటా 4,621 శ్రామిక్ రైళ్లు 63 లక్షల మందిని స్వస్థలాలకు చేర్చాయి. అయితే ఆ రైళ్లు వచ్చేసరికి లాక్‌డౌన్ మొదలై ఐదు వారాలు దాటింది. ములుగు జిల్లాలో మిరప కోతలకు వచ్చిన పన్నెండేళ్ల ఛత్తీస్‌గఢ్ బాలిక అడవి దారిన మూడు రోజులు నడిచి, ఊరు చేరబోతూ ప్రాణాలు విడిచింది. మే 8న ఔరంగాబాద్ సమీపంలో పట్టాలపై నిద్రపోయిన 16 మంది కూలీలు గూడ్స్ రైలు కింద నలిగిపోయారు. ఇటువంటి మరణాలు మొత్తం ఎన్ని? ఆ లెక్క తమ వద్ద లేదని, కనుక పరిహారం ప్రశ్న తలెత్తదని 2020 సెప్టెంబరులో కేంద్రం పార్లమెంటుకు తెలిపింది.

పల్లె మోసిన భారం

కోటి మందికి పైగా వలస కార్మికులు సొంత రాష్ట్రాలకు తిరిగి వచ్చారని కేంద్రం అంచనా వేసింది. పట్నం వదిలేసిన వారిని పల్లె నిలబెట్టింది. మహాత్మాగాంధీ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం అందుకు ప్రధాన ఆధారమైంది. 2019-20లో 265 కోట్లుగా ఉన్న పనిదినాలు 2020-21లో 389 కోట్లకు పెరిగాయి. ఏడున్నర కోట్ల కుటుంబాలు ఆ ఏడాది పలుగు, పార పట్టాయి. వ్యయం లక్ష కోట్ల రూపాయలు దాటింది.

అయినా ఆ ఆదరువుకు పరిమితి ఉంది. వంద రోజుల హామీ ఉన్నా ఆ ఏడాది కుటుంబానికి సగటున లభించినది సుమారు 52 రోజులు. తెలుగు రాష్ట్రాల్లో అప్పటి రోజు కూలి రూ. 237. పట్నంలో తాపీ పనికో, సెంట్రింగ్ పనికో వచ్చే ఆదాయానికి ఇది సాటి రాదు. నెలనెలా ఇంటికి డబ్బు పంపే మనిషి ఇంటి మీద ఆధారపడే మనిషిగా మారాడు. అప్పులు పెరిగాయి. ఆ వెంటనే పట్నం బాట పట్టక తప్పని పరిస్థితి చాలా కుటుంబాలకు ఎదురైంది.

ఈ తిరుగు ప్రయాణం ప్రభావం గణాంకాల్లో 2023-24 నాటికీ చెరగలేదు. కార్మిక బల సర్వే ప్రకారం దేశంలో పనిచేసేవారిలో వ్యవసాయంపై ఆధారపడినవారు 2018-19లో 42.5 శాతం. 2020-21 నాటికి అది 46.5 శాతానికి పెరిగింది. 2023-24లోనూ 46.1 శాతంగానే ఉంది. దశాబ్దాలుగా సేద్యం నుంచి ఇతర రంగాలకు సాగుతున్న ప్రవాహం వెనక్కి మళ్లి అక్కడే నిలిచిపోయిందన్న మాట. నేల పెరగలేదు. దానిపై బతికేవారు పెరిగారు.

బియ్యం కదిలింది

లాక్‌డౌన్ అనుభవం తెచ్చిన మార్పుల్లో స్పష్టంగా చెప్పుకోదగినది ఆహార భద్రత. నెలకు మనిషికి ఐదు కిలోల చొప్పున సుమారు 80 కోట్ల మందికి అదనంగా ఉచిత ధాన్యం 2020 ఏప్రిల్‌లో మొదలై 2022 డిసెంబరు వరకు సాగింది. ఆ తర్వాత ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చే ధాన్యమే ఉచితమైంది.

అంతకంటే లోతైన మార్పు ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య, అలాగే మహారాష్ట్ర, గుజరాత్‌ల మధ్య మొదలైన ఈ ఏర్పాటు 2022 జూన్ నాటికి దేశమంతటికీ విస్తరించింది. ఏ ఊరి కార్డుదారైనా ఏ చౌకధరల దుకాణంలోనైనా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. కుటుంబంలో కొంత మంది ఊళ్లో, కొంత మంది పట్నంలో తమ వాటా పొందవచ్చు.

అయితే ఈ సదుపాయం కింద జరుగుతున్న లావాదేవీల్లో అత్యధికం ఒకే రాష్ట్రంలోపలివే. రాష్ట్రం దాటినవారి వాటా స్వల్పం. పైగా కార్డు ఉన్నవారికే ఈ సౌలభ్యం. ఆహార భద్రతా చట్టం లబ్ధిదారుల సంఖ్యను ఇప్పటికీ 2011 జనాభా లెక్కల ఆధారంగానే నిర్ణయిస్తున్నారు. 2021లో జరగాల్సిన జనగణన 2025 నాటికీ జరగలేదు. సుప్రీంకోర్టు 2021 జూన్ 29 తీర్పు తర్వాత ప్రారంభమైన ‘ఈ-శ్రమ్’ పోర్టల్‌లో నమోదైన అసంఘటిత కార్మికుల సంఖ్య ఇప్పుడు 30 కోట్లు దాటింది. వారిలో సుమారు 8 కోట్ల మందికి రేషన్ కార్డులు లేవని తేలడంతో, కోటాతో నిమిత్తం లేకుండా కార్డులు ఇవ్వాలని న్యాయస్థానం రాష్ట్రాలను 2023లో ఒకసారి, 2024లో మరోసారి ఆదేశించవలసి వచ్చింది.

కదలని హక్కులు

బియ్యం కదిలినంతగా మిగిలిన హక్కులు కదలలేదు. వలస కూలీ పిల్లల చదువు సీజన్ మధ్యలో తెగిపోతుంది. చేరిన చోట బడి ఉన్నా బోధించే భాష వేరు. వైద్యానికి ఆయుష్మాన్ భారత్ కార్డు దేశమంతటా చెల్లుతుంది. కానీ తెలుగు రాష్ట్రాల ఇటుక బట్టీలకు ఏటా వేలాదిగా కూలీలను పంపే ఒడిశా ఆ పథకంలో చేరింది 2025 జనవరిలోనే. నగరాల్లో చవక అద్దె ఇళ్ల పథకాన్ని కేంద్రం 2020 జులైలో ఆమోదించింది. అవసరంతో పోలిస్తే అందుబాటులోకి వచ్చిన ఇళ్లు కొద్ది. ఓటు సంగతి మరీ క్లిష్టం. ఉన్న చోటి నుంచే సొంత నియోజకవర్గానికి ఓటు వేసే యంత్రం నమూనాను ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీల ముందు పెట్టింది. అభ్యంతరాలు రావడంతో అది ముందుకు సాగలేదు. పనిచేసే చోట ఓటు లేని మనిషి గోడు అక్కడి ప్రజాప్రతినిధికి ఎంతవరకు వినిపిస్తుందో ఊహించవచ్చు.

చట్టం విషయంలోనూ సందిగ్ధం చాలాకాలం సాగింది. 1979 చట్టాన్ని కలుపుకొంటూ వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతిని పార్లమెంటు 2020 సెప్టెంబరులో ఆమోదించింది. కాంట్రాక్టరు ద్వారా కాక సొంతంగా వచ్చిన వారినీ వలస కార్మికుల నిర్వచనంలో చేర్చడం అందులో మేలైన అంశం. అదే సమయంలో ఐదుగురు కూలీలున్న చోట వర్తించే నిబంధన పది మందికి మారింది. తరలింపు భత్యం తొలగిపోయింది. ఆ స్మృతి అమల్లోకి వచ్చింది 2025 నవంబరులోనే.

ఇన్నేళ్లలో కూలీలు మాత్రం ఒక పాఠం త్వరగా నేర్చుకున్నారు. 2021 ఏప్రిల్‌లో రెండో దశ విజృంభించి ఢిల్లీలో లాక్‌డౌన్ ప్రకటన వెలువడగానే, ఆ సాయంత్రమే ఆనంద్ విహార్ బస్టాండు కిక్కిరిసిపోయింది. ఎక్కడివారు అక్కడే ఉండాలన్న మాటను నమ్మి ఆగేందుకు వారు సిద్ధంగా లేరు. ఆ నమ్మకం ప్రకటనలతో తిరిగి రాదు. పేరు నమోదైన పని, రాతపూర్వకమైన కూలి, నెల రోజులు పని లేకపోయినా ఖాళీ చేయించని గది కల్పిస్తేనే వస్తుంది. జనగణన జరిగి, ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో తేలితే ఆ దిశగా తొలి అడుగు పడుతుంది. అప్పటిదాకా దేశంలో మరో ఉపద్రవం వస్తే రేషన్ దుకాణంలో పరిస్థితి 2020 కంటే మెరుగ్గా ఉండవచ్చు. రహదారుల మీద కూడా మెరుగ్గా ఉంటుందని చెప్పగల ఆధారం మాత్రం ఇప్పటికి తక్కువే.