గోప్య సమాచారం ఒలికితే బాధ్యులెవరు?

హామిల్టన్ వంటి ఉక్కు నగరంలో నివసించేవారికి రసాయనాలు ఒలకడమంటే ఏమిటో వివరించనక్కరలేదు. 1985 నుండి అమలులో ఉన్న ఒంటారియో పర్యావరణ చట్టభాగం ప్రకారం, కాలుష్య పదార్థం నేలపాలైతే దానిని శుభ్రపరచవలసినవారు ఆ పదార్థపు యజమాని, దానిని అధీనంలో ఉంచుకున్నవారు. వాల్వు తిప్పిన కార్మికుడెవరన్నది తరువాతి విచారణ. ఖాతాదారుల వ్యక్తిగత వివరాలకు కూడా ఇదే సూత్రం వర్తించాలని నా అభిప్రాయం.

క్యుబెక్‌లోని డెజార్డాన్ సహకార ఆర్థిక సంస్థ ఉదంతాన్నే తీసుకుందాం. ఒక ఉద్యోగి 27 లక్షల మంది సభ్యుల వివరాలను బయటికి చేరవేశాడని ఆ సంస్థ 2019 జూన్‌లో ప్రకటించింది. చివరికి ఆ సంఖ్య 97 లక్షలకు చేరింది! పేర్లు, పుట్టిన తేదీలు, సోషల్ ఇన్సూరెన్స్ నంబర్లు అన్నీ అందులో ఉన్నాయి. దుర్బుద్ధి గల ఒక్క ఉద్యోగి చేసిన ద్రోహమని సంస్థ చెప్పుకున్నది. నిజమే. అయితే 2020 డిసెంబరులో ఫెడరల్ ప్రైవసీ కమిషనరు వెలువరించిన నివేదిక మరొక సంగతి కూడా చెప్పింది. కట్టుదిట్టమైన భాండాగారంలో ఉండవలసిన వివరాలను మార్కెటింగ్ విభాగంవారు పని సౌలభ్యం కోసం ఉమ్మడి ఫోల్డరులోకి నకలు చేసేవారు. చూసే అర్హత లేనివారికి కూడా అవి అక్కడ అందుబాటులో ఉండేవి. విషపదార్థాల బీరువాకు తాళం వేసి, సీసాను మాత్రం అందరూ తిరిగే బల్లపై ఉంచినట్లున్నది కదా! కనీసం 26 నెలలు ఈ తరలింపు సాగినా సంస్థ పసిగట్టలేకపోయింది.

ఉద్యోగి మనస్సులోని దుర్బుద్ధిని యజమాని ఎట్లా కనిపెట్టగలడని కొందరు ప్రశ్నిస్తారు. కనిపెట్టలేడు. కాని ఎవరి చేతికి ఎంత సమాచారం అందాలో, దానిని ఎన్నాళ్లు నిల్వ ఉంచాలో నిర్ణయించేది యజమానియే. ఖాతాదారుకు అందులో ప్రమేయం లేదు. వ్యాపారం తానే సృష్టించిన ప్రమాదానికి తానే జవాబుదారీ కావాలన్న తర్కాన్ని కెనడా సుప్రీంకోర్టు 1999లోనే అంగీకరించింది. నోవా స్కోషియా బ్యాంకు గృహరుణాల ఉద్యోగి ఒకడు ఖాతాదారుల వివరాలను తన స్నేహితురాలికి అందించగా అవి మోసగాళ్ల పాలైనాయి. బ్యాంకు 643 మందికి హెచ్చరిక పంపవలసి వచ్చింది. వారిలో 138 మంది తాము మోసపోయామని తెలిపారు. బ్యాంకుపై సామూహిక దావాకు ఒంటారియో న్యాయస్థానం 2014లో అనుమతినిచ్చింది. డెజార్డాన్ కూడా 2021లో సుమారు 20 కోట్ల డాలర్ల వరకు చెల్లించే రాజీకి వచ్చింది. ఈ పరిహారం దావాల మూలంగా వచ్చినదే. 2000 నాటి ఫెడరల్ గోప్యతా చట్టం కమిషనరుకు జరిమానా విధించే అధికారమే ఇవ్వలేదు. దానిని మార్చగోరిన సి-27 బిల్లు 2025 జనవరిలో పార్లమెంటు ప్రొరోగేషన్‌తో మురిగిపోయింది. ఇది శోచనీయం.

మన తెలుగు కుటుంబాలకు మరింత దగ్గరి విషయం ఒకటి ఉన్నది. ఆ 97 లక్షలలో దాదాపు 40 లక్షలు వాడుకలో లేని ఖాతాలవారివి. ఉద్యోగరీత్యా టొరంటో నుండి టెక్సాసుకో, హైదరాబాదుకో తరలిపోయేవారు మనలో తక్కువేమీ కాదు. మనం వెళ్లిపోయినా మన పుట్టిన తేదీ ఆ కంప్యూటర్లలోనే పడి ఉంటుంది. అవసరం తీరిన వివరాలను నశింపజేయాలని ఆ 2000 నాటి చట్టమే చెబుతున్నది. ఖాతా మూసేటప్పుడు, అది ఎప్పుడు జరుగుతుందో బ్యాంకును లిఖితపూర్వకంగా అడగండి.