మొరగడం బగ్ కాదు, ఎర్రర్ మెసేజ్

"మొరిగే కుక్క కరవదు" అని మనకో సామెత ఉంది. కుక్క సంగతేమో గానీ, ఆ కుక్క ఉన్న ఫ్లాట్ వాళ్ళని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్ మాత్రం కచ్చితంగా కరుస్తుంది. "మీ కుక్క పొద్దున్నుంచీ అరుస్తూనే ఉంది, ఏదో ఒకటి చేయండి" అని ఒకరు పెడతారు. దానికి నలుగురు బొటనవేలు ఎత్తుతారు. తర్వాత రూల్స్ చెప్పేవాళ్ళు వస్తారు, మూగజీవాల మీద జాలి గురించి చెప్పేవాళ్ళు వస్తారు, మధ్యలో సంబంధం లేకుండా గుడ్ మార్నింగ్ పువ్వులు పెట్టే అంకుల్ కూడా వస్తారు. ఇంత గొడవలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. అసలు అది ఎందుకు మొరుగుతోంది?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మొరిగే కుక్కకి కావలసింది నోరు మూయించడం కాదు, ఒంటరిగా ఉండటం నేర్పించడం. ఆ బాధ్యత పెంచుకునేవాళ్ళదే. పక్కింటివాళ్ళది కాదు, కుక్కది అసలే కాదు.

మన సీఎస్ఈ వాళ్ళ భాషలో చెప్తాను. ప్రోగ్రామ్ రన్ చేస్తే ఎర్రర్ మెసేజ్ వచ్చింది అనుకోండి. అది చదివి తప్పు ఎక్కడుందో వెతకొచ్చు. లేదంటే మొత్తం కోడ్‌ని ట్రై బ్లాక్‌లో పెట్టి, ఎక్సెప్ట్ కింద పాస్ అని రాసి చేతులు దులుపుకోవచ్చు. అప్పుడు స్క్రీన్ ప్రశాంతంగా ఉంటుంది, తప్పు మాత్రం లోపల అలాగే ఉంటుంది. కుక్క మూతికి చిక్కం కట్టడం, మెడకి షాక్ కొట్టే కాలర్ తగిలించడం ఈ రెండో రకం పనులు. ఇంకో మాట కూడా తరచూ వింటుంటాం. "మేం ఇంట్లో ఉంటే అసలు మొరగదండీ, చాలా బుద్ధిమంతురాలు." ల్యాబ్ ఎగ్జామ్‌లో "నా లాప్‌టాప్‌లో బాగానే రన్ అయింది సార్" అన్నట్టే ఉంటుంది ఇది. నిజమే కావచ్చు, కానీ సమస్య వచ్చేది మీరు లేనప్పుడే కదా.

నిజానికి మొరగడం మనం కావాలని కోరుకున్న గుణమే. తోడేళ్ళు పెద్దయ్యాక చాలా అరుదుగా మొరుగుతాయి. కుక్కలు అలా కాదు, ప్రతి చిన్నదానికీ మొరుగుతాయి. కొత్తవాళ్ళు వస్తే చెప్పడానికే కదా మన తాతల కాలంలో కుక్కని ఇంటి ముందు ఉంచుకున్నది. ఇక మనుషుల తోడు సంగతి. జర్మనీలో 1914లో బయటపడ్డ ఒక సమాధిలో ఇద్దరు మనుషుల పక్కన కుక్క ఎముకలు కూడా దొరికాయి. ఆ సమాధి సుమారు 14,000 ఏళ్ళ నాటిది. అంత కాలంగా మనుషుల మధ్యే బతుకుతున్న జంతువుకి, తలుపు మూసి తాళం వేసి రోజంతా ఉండమంటే ఏం అర్థమవుతుంది?

మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో కుక్క అరుగు మీద పడుకునేది. వీధిలో ఎవరో ఒకరు పోతూ ఉండేవాళ్ళు, పెరట్లో ఎవరో ఒకరు అంట్లు తోముతూ ఉండేవాళ్ళు. ఇల్లు పూర్తిగా ఖాళీగా ఉండటం అనేది దాని జీవితంలో లేదు. ఇప్పుడు కుక్కని మూడో అంతస్తులోకి తెచ్చాం, ఇంట్లో అందరం ఉద్యోగాలకీ కాలేజీలకీ పోతున్నాం. దాని బతుకు మొత్తం మార్చేశాం గానీ, ఆ మార్పు దానికి నేర్పలేదు.

ఇదంతా నేను ఊరికే చెప్పట్లేదు. విజయవాడలో మా ఇంట్లో చిన్ను అనే కుక్క ఉంది. 2020 లాక్‌డౌన్‌లో మా తమ్ముడు సెల్లార్ దగ్గర దొరికిన పిల్లని పైకి తీసుకొచ్చాడు. అప్పుడు ఇంట్లో అందరం ఇరవై నాలుగు గంటలూ ఉండేవాళ్ళం. తర్వాత కూడా నాయనమ్మ ఇంట్లోనే ఉండేది, కాబట్టి చిన్నుకి ఒంటరితనం అంటే ఏంటో తెలీదు. ఈ ఏడాది లెక్క మారింది. నేను హాస్టల్లో ఉన్నాను, తమ్ముడి ఇంటర్ కాలేజీ పొద్దున ఏడుకి మొదలై రాత్రి స్టడీ అవర్స్‌తో ముగుస్తుంది, నాయనమ్మ బాబాయి వాళ్ళింటికి వెళ్ళింది, అమ్మ జూన్‌లో స్కూల్లో టీచర్‌గా చేరింది. నాన్న ఆఫీసు ఎలాగూ ఉంది. ఎనిమిదిన్నర నుంచి ఐదున్నర దాకా, అంటే 9 గంటలు, చిన్ను ఒక్కతే.

రెండు వారాల్లో అసోసియేషన్ నుంచి నోటీసు వచ్చింది. రెండు నెలల్లో మొరుగుడు ఆగాలి, లేకపోతే కుక్కని పంపించేయాలి అని దాని సారాంశం. "ఊళ్ళో పొలం దగ్గర వదిలేద్దాం, హాయిగా తిరుగుతుంది" అన్నారు నాన్న. ఆయనకి చిన్ను అంటే ఇష్టం లేక కాదు, నలుగురిలో మాట పడటం ఇష్టం లేక. నేను ఫోన్‌లోనే గట్టిగా వాదించాను. ఐదేళ్ళు సోఫా మీద పెరిగిన కుక్కకి పొలం స్వేచ్ఛ కాదు నాన్నా, అక్కడ ముందే ఉన్న కుక్కలు దీన్ని రానివ్వవు, దీనికి తిండి వెతుక్కోవడం రాదు అని. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువుని కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, సెక్షన్ 11 కింద నేరం కూడా. "సరే, అయితే నువ్వే దారి చెప్పు" అన్నారు.

మొదట చేయాల్సింది డేటా తీసుకోవడం. తమ్ముడు పాత ఫోన్‌ని టీవీ స్టాండ్ మీద పెట్టి వీడియో ఆన్ చేసి వెళ్ళాడు. ఇది ఎవరైనా చేయగలిగిన పని, పైసా ఖర్చు లేదు. మొరుగుడు అంతా ఒక రకం కాదు మరి. లిఫ్ట్ చప్పుడుకో, డెలివరీ బాయ్ అడుగులకో మొరిగి ఊరుకుంటే అది కాపలా. అలాంటి కుక్కని మెయిన్ డోర్‌కి దూరంగా లోపలి గదిలో ఉంచి, కర్టెన్ వేసి, ఫ్యానో టీవీయో ఆన్ చేసి వెళ్తే చాలావరకు తగ్గుతుంది. మధ్యాహ్నం ఏమీ తోచక బొమ్మలు, చెప్పులు కొరుకుతూ మొరిగితే అది విసుగు. దానికి పొద్దున పూట సరైన నడక కావాలి. మనం వెళ్ళిన కొద్ది నిమిషాల్లోనే మొదలుపెట్టి, అటూ ఇటూ తిరుగుతూ, చొల్లు కారుస్తూ, తలుపు గీకుతూ, పెట్టిన అన్నం ముట్టకుండా మొరిగితే అది భయం. దీన్నే సెపరేషన్ యాంగ్జైటీ అంటారు. మా వీడియోలో తలుపు మూసిన 4 నిమిషాలకి మొదలైంది. అన్నం గిన్నె సాయంత్రం దాకా అలాగే ఉంది. అది చూశాక నాన్న పొలం మాట మళ్ళీ ఎత్తలేదు.

భయాన్ని తీయడం తిట్టినంత తేలిక కాదు, కానీ పద్ధతి ఉంది. కుక్కకి మన బయల్దేరే తంతు అంతా కంఠతా వచ్చు. బ్యాగ్, బూట్లు, తాళాల చప్పుడు, వీటిలో ఏది కనిపించినా దాని గుండె దడ మొదలవుతుంది. పావ్లోవ్ కుక్కల కథ తెలుసు కదా, తిండికి ముందు వినిపించే శబ్దానికే లాలాజలం కారడం. ఇక్కడ తాళాల చప్పుడుకి భయం కారుతోంది అన్నమాట. కాబట్టి ముందు ఆ లింక్ తెంపాలి. తాళాలు తీసి, మళ్ళీ పెట్టేసి, కూర్చుని టీ తాగాలి. బూట్లు వేసుకుని వంటింట్లోకి వెళ్ళాలి. రోజుకి కొన్నిసార్లు ఇలా చేస్తే తాళాల చప్పుడుకి అర్థం పోతుంది.

తర్వాత బయటికి వెళ్ళడం. తలుపు మూసి 5 సెకన్లు, వెంటనే లోపలికి. తర్వాత 10 సెకన్లు, 30 సెకన్లు, నిమిషం. కుక్క భయపడక ముందే తిరిగి రావాలి, అసలు కిటుకు అదే. ప్రతిసారీ పెంచుకుంటూ పోకూడదు, మధ్యలో తగ్గిస్తూ ఉండాలి. వెళ్ళేటప్పుడు "బంగారం, అమ్మ వచ్చేస్తుంది" అంటూ సీరియల్ నడపకూడదు, వచ్చాక పండగా చేయకూడదు. వెళ్ళే ముందు నడక, కాసేపు చెట్లూ గోడలూ వాసన చూడనివ్వడం, తర్వాత తిండి. మా అమ్మ రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో పెడుతుంది. విజయవాడ ఎండకి చల్లగా నాకుతూ కూర్చుంటుంది. ఒక్క జాగ్రత్త. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కలకి విషం. ప్రసాదం అని కిస్మిస్ పెట్టకండి.

ఇందులో అందరూ వదిలేసే షరతు ఒకటుంది. ఈ శిక్షణ జరిగే రోజుల్లో కుక్కని అది తట్టుకోలేనంత సేపు ఒంటరిగా వదలకూడదు. పొద్దున 10 సెకన్లు నేర్పి మధ్యాహ్నం 9 గంటలు తాళం వేస్తే నేర్పింది మొత్తం పోతుంది. అందుకే మనుషులు కావాలి. మాకు పక్క ఫ్లాట్ ఆంటీ దొరికారు. చిన్ను పగలంతా వాళ్ళ బాల్కనీలో ఉంటుంది, బదులుగా వాళ్ళ పాపకి అమ్మ సాయంత్రం లెక్కలు చెప్తుంది. ఇంత చేసినా తగ్గని కుక్కలు ఉంటాయి. వాటిని వెటర్నరీ డాక్టర్‌కి చూపించాలి, నొప్పో జబ్బో ఉండొచ్చు. భయం తగ్గే మందులు కూడా ఉన్నాయి, కానీ డాక్టర్ రాస్తేనే. మన ఇంట్లో ఉన్న నిద్రమాత్రలు వేయడం ప్రాణం మీదకి తెస్తుంది. "తోడుగా ఇంకో కుక్కని తెచ్చుకోండి" అనే సలహా కూడా వినకండి. అది బెంగ పెట్టుకున్నది మనిషి కోసం. చివరికి రెండు గొంతులు కలిసి మొరగొచ్చు.

దండన సంగతి కూడా చెప్పాలి. సాయంత్రం వచ్చి కొడితే, పొద్దున మొరిగినందుకు అని కుక్కకి తెలీదు. మనం రావడమే భయం అని నేర్చుకుంటుంది, అంతే. బిగుతుగా చిక్కం కడితే నోరు తెరిచి ఒగర్చలేదు, కుక్క ఒళ్ళు చల్లబడేది ముఖ్యంగా అలా ఒగర్చడం వల్లే. మే నెలలో కరెంటు పోయిన ఫ్లాట్‌లో అలా కట్టేసి వెళ్తే ఏమవుతుందో ఊహించుకోండి. మహాభారతంలో కుక్క అనగానే ధర్మరాజు వెంట నడిచిన కుక్కే అందరికీ గుర్తొస్తుంది. మన క్లబ్‌లో చేరాకే నాకు సరమ కథ తెలిసింది. నన్నయ ఆదిపర్వం మొదట్లోనే వస్తుంది. ఏ తప్పూ చేయని కుక్కపిల్లని జనమేజయుడి తమ్ముళ్ళు కొడతారు. దాని తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికే వచ్చి, ఏం తప్పు చేసిందని కొట్టారని అడుగుతుంది. తెలుగు కావ్యం తొలి పేజీల్లోనే ఒక కుక్క న్యాయం అడిగింది. వెయ్యేళ్ళు కావస్తున్నా ఆ ప్రశ్న పాతబడలేదు.

అలాగని నేను పూర్తిగా కుక్క పార్టీ కాదు. మా కింద ఫ్లోర్ అంకుల్‌ది అమెరికా టైమింగ్స్ డ్యూటీ. తెల్లవారి పడుకుంటారు, మొరుగుడు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. ఆయన కోపం న్యాయమైనది. ఈఏపీసెట్‌కి చదివే పిల్లలు, మంచం మీదున్న పెద్దవాళ్ళు కూడా ఉంటారు. పెంచేవాళ్ళలో కొందరు వెంటనే చట్టం తీస్తారు. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెంపుడు కుక్కల్ని అసోసియేషన్ నిషేధించలేదు, మెజారిటీ ఓటు వేసినా సరే. మొరగడం కుక్క సహజ లక్షణం అని కూడా ఆ మార్గదర్శకాలు ఒప్పుకున్నాయి. నిజమే. కానీ అవే మార్గదర్శకాలు, ముఖ్యంగా రాత్రిపూట, కుక్కని నిశ్శబ్దంగా ఉంచే ప్రయత్నం చేయాలని కూడా చెప్పాయి. సగం చదివి వాదించడం మనకి అలవాటే, వాట్సాప్‌లో అయితే మరీను.

నన్నడిగితే చట్టం కంటే ముందు ఒక మాట చాలు. నాన్న కిందికి వెళ్ళి ఆ అంకుల్‌కి వీడియో చూపించి, "మేం ఇదిగో ఇలా చేస్తున్నాం, ఇంకొంచెం టైమ్ పడుతుంది" అని చెప్పారు. ఆయన కూడా కాసేపు చూసి, "భయపడుతోందండీ పాపం" అన్నారట. మొరుగుడు ఆ రోజు తగ్గలేదు, గ్రూప్‌లో మెసేజ్‌లు మాత్రం తగ్గాయి. ఇప్పటికి చిన్ను 40 నిమిషాలు ఒంటరిగా ఉండగలుగుతోంది. నోటీసు గడువు ఈ నెలాఖరు. 9 గంటలు ఎప్పటికీ రాకపోవచ్చు. రాకపోతే పగటిపూట మనిషిని పెట్టుకోవాల్సిందే, ఆ ఖర్చు కుక్క తిండి ఖర్చులాగే లెక్కలో వేసుకోవాల్సిందే.

చివరిగా ఇది మన కాలేజీ వాళ్ళకి. థర్డ్ ఇయర్‌లో నలుగురు కలిసి రూమ్ తీసుకుంటారు, మరుసటి వారం ఒక కుక్కపిల్ల వస్తుంది, దానికో ఇన్‌స్టా పేజీ వస్తుంది. పొద్దున తొమ్మిదికి నలుగురూ క్లాస్‌కి వెళ్ళిపోతారు. ప్లేస్‌మెంట్ వచ్చాక ఒకరు పుణె, ఒకరు బెంగళూరు, ఒకరు ఎంఎస్. కుక్క సంగతి ఎవరి లిస్టులోనూ ఉండదు. కాబట్టి తెచ్చుకునే ముందు ఒక కాగితం తీసుకుని రెండు లెక్కలు వేయండి. రోజులో అది ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుంది? ఈ కోర్సు అయిపోయాక అది ఎవరితో ఉంటుంది? రెండో దానికి ఒక పేరు రాయలేకపోతే, తెచ్చుకోకండి. సాయంత్రం పూట గేటు దగ్గర ఉన్న కుక్కలతో ఆడుకోండి, వాటికి గిన్నెలో నీళ్ళు పెట్టండి. అది కూడా ప్రేమే.