రాకడ సూచనలు యూట్యూబ్‌లో కాదు, మన బోరు కాడ చూడుండ్రి

పోస్టు పెద్దగుంది, ఓపిక చేసుకొని చదవుండ్రి. చౌటుప్పల్, సంస్థాన్ నారాయణపురం తండాల నుంచి చదువుకుంటున్న క్రైస్తవ విద్యార్థులం రాస్తున్నం. కొందరు పెద్దలకు కోపం రావచ్చు. రానీయుండ్రి.

యుద్ధం వార్త వచ్చిందంటే చాలు, "అంత్యదినాలు, గురుతులు నెరవేరుతున్నయ్" అని వీడియోలు మొదలైతయ్. కరోనా టైంల టీకానే 666 ముద్ర అన్నరు. ఆ మాట నమ్మి సూది వద్దన్న ముసలోళ్లు మన తండాలల్ల ఉన్నరు. ఆ దినము, ఆ గడియ ఎవరికీ తెలియదని యేసుప్రభువే చెప్పిండు. ఆయనకు లేని తొందర ఈ ఛానళ్లోళ్లకు ఎందుకో! వీడియో కింద ఫోన్‌పే నంబరు మాత్రం మరువరు.

సూచనలు చూడొద్దని మేం అంటలేము. ఆకాశం ఎర్రగైతే వాన సంగతి చెప్పేటోళ్లు కాలాల గురుతులు ఎందుకు గుర్తుపట్టరని ప్రభువు గద్దించిండు కదా. మా గొడవ ఒక్కటే: మన కండ్ల ముందటి గురుతు వదిలిపెట్టి ఇజ్రాయెల్ మ్యాపు చూపిస్తున్నరు.

మన గురుతు పిల్లల పళ్ల మీద ఉంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగితే మొదలు పళ్లకు పసుపు, గోధుమ రంగు చారలు పడతయ్. ఏండ్లకేండ్లు అదే నీళ్లు తాగితే కీళ్లు బిగుసుకుంటయ్, ఎముకలు వంగుతయ్. వంగినంక ఏ మందూ నిటారు చెయ్యలేదు. అంటే దేవుడు ఇచ్చిన శరీరమే ముందుగాల హెచ్చరిస్తది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. పటిక, సున్నంతో నీళ్లల్ల ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా "నల్గొండ టెక్నిక్" అనే పేరుంది. మన ఉమ్మడి జిల్లా పేరు అట్ల తెలిసింది లోకానికి! మర్రిగూడ మండలం శివన్నగూడెం అంశాల స్వామి వంగిన శరీరంతోనే బతుకంతా దీని మీద కొట్లాడి 2023లో పోయిండు. ఆయన కూడా కావలివాడే. యెహెజ్కేలు గ్రంథంలో కావలివాడు ఖడ్గం వచ్చుడు చూసి బూర ఊదకపోతే పోయిన ప్రాణాలకు ఎవరిని లెక్క అడుగుతరో మన పాస్టరయ్యలకు మేం చెప్పాల్నా?

2015లో మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లనే పెట్టిండ్రు. నల్లాలు వచ్చినయ్, మంచిదే, కాదనం. కానీ నల్లా రాని రోజు మళ్ల బోరే గతి. "కాగబెట్టి తాగుతున్నం" అంటరు మన యాడీలు. కాగబెడితే క్రిములు చస్తయ్ గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ చిక్కనైతది. ఈ ఒక్క మాట ఏ ఉపవాస కూడికల్ల విన్నరు?

"ఇది రాజకీయం, ఆత్మీయం కాదు" అంటరు. ఆమోసు ఎవరు మరి? ప్రవక్త కొడుకు కాదు, పశువులు కాసుకునేటోడు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన మన తాతల లెక్కటోడే. చెప్పుల జత కోసం పేదోళ్లను అమ్ముతున్నరని రాజుల కాలంల మొఖం మీద అడిగిండు. 1999లో, 2001లో దేవరకొండ దిక్కు లంబాడా ఆడపిల్లలను దత్తత పేరుతో కొన్నరని కేసులైనయ్. ఆ కేసులల్ల ఇరుక్కున్న అనాథాశ్రమాలల్ల క్రైస్తవ పేరు పెట్టుకున్నవి కూడా ఉండె. ఇంతకంటె పెద్ద గురుతు ఏం కావాలె? ఎన్ని సంఘాలల్ల కన్నీటి ప్రార్థన జరిగింది?

2022 నవంబర్ 3 నాటి మునుగోడు ఉప ఎన్నిక యాదికుందా? నోట్లు, సీసాలు ఎట్ల పారినయో దేశమంతా టీవీల చూసింది. ఆ వారం మన తండాలల్ల విశ్వాసుల ఇండ్లు, సేవాలాల్ మొక్కే ఇండ్లు అని తేడా లేకుండె. బాపు తాగొస్తే దెబ్బలు తిన్న యాడీ ఆదివారం ముసుగేసుకొని వచ్చి ఎనక కూసుంది. ఆమెను అడిగినోళ్లు లేరు.

మేం అడిగేది చానా పెద్దదేం కాదు. సంఘంల తారీఖులు, ముద్రలు చెప్పే ప్రసంగీకులను పిలువుడు బంద్ చెయ్యుండ్రి. ప్రార్థన చేసినం గదా అని ఎవ్వరితోని టీబీ గోళీలు, షుగర్ గోళీలు ఆపించొద్దు. గొంతు ఉన్న పాస్టరయ్యలు మండలాఫీసు కాడికి మాతోని రాండ్రి, ప్రతి తండా బోరు నీళ్లు పరీక్ష చేయించి ఆ కాగితం ఆరాధన అయినంక గట్టిగ చదువుదాం. హాస్టళ్ల నుంచి సెలవులకు వచ్చేటోళ్లు ఒక్కొక్కరు తమ తండా బోరు నీళ్లు సీసాల పట్టుకొని పెట్టుండ్రి, సీసా మీద తండా పేరు, తారీఖు రాయుండ్రి. ఎవరెవరు తెస్తరో కింద పేరు పెట్టుండ్రి.