‘ఖాళీ’ అనే మాట ఎవరిది? - యూనివర్సిటీ సోలార్, పల్లె గడప (భాగం 6)

ప్రభుత్వ కాగితాల్లో నాకు భయమేసే మాట ఒకటుంది. ‘ఖాళీ’.

ఖాళీ స్థలం. ఖాళీ భూమి. నిరుపయోగంగా పడి ఉన్న భూమి. ఈ మాట పడిందంటే వెనకాలే కంచె వస్తోందని అర్థం. ఒకప్పుడు ఆ కంచె లోపల ఫ్యాక్టరీ లేచేది. తర్వాత సెజ్ అన్నారు. ఇప్పుడు సోలార్ ప్యానెల్ అంటున్నారు. ఈ మాట యూనివర్సిటీలకి కూడా బాగా నచ్చింది. వందల ఎకరాలు ఉన్నాయి, కరెంటు బిల్లు మోయలేకపోతున్నాం, ఆ ఖాళీ నేల మీద ప్యానెళ్లు పరిస్తే పోలా అని. వినడానికి బాగానే ఉంటుంది. పొగ లేదు, బూడిద లేదు. ‘గ్రీన్ క్యాంపస్’ అని గేటు మీద బోర్డు కూడా పెట్టుకోవచ్చు.

ముందే చెబుతున్నా, సోలార్‌కి నేను వ్యతిరేకిని కాదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం చుట్టుపక్కల ఊళ్లకి పోయి చూడండి, బొగ్గు కరెంటు బూడిద ఎవరి అన్నం గిన్నెలో పడుతుందో తెలుస్తుంది. ఎండలోంచి కరెంటు తీయడం మనకి మంచిదే. మాది నందివెలుగు. ఊరి పేరులోనే వెలుగుంది, వెలుగుతో నాకేం పేచీ? ఆ వెలుగు కోసం ఎవరి గడప ముందు కంచె పడుతోంది, ఎవర్ని అడిగి పడుతోంది? నా పేచీ అంతా అక్కడే.

నేను చదువుకున్న చోటు పేరు రాయను. అలాంటి చోట్లు చాలా ఉన్నాయి. ప్రహరీ పక్కనే మాదిగపల్లె ఉండేది. ఆడవాళ్లు పొద్దున్నే లోపలికొచ్చి గడ్డి కోసుకునేవాళ్లు. పుల్లలు ఏరుకునేవాళ్లు. మేకలు మేసేవి. అటుగా ఒక కాలిబాట చెరువు గట్టు దాకా పోయేది. రికార్డులో మాత్రం అదంతా ఖాళీ స్థలం. ఒక ఏడాది కంచె వేశారు. బాట మూసుకుపోయింది. ఒక పెద్దమ్మ కంచె అవతల నిలబడి నన్నడిగింది: “నాయనా, మీరు చదూకునేవోళ్లు గదా, మా బాట మీ పుస్తకాల్లో యాడా రాసుండదా?” ఆ ఏడే ఆమె మేకలు అమ్మేసుకుంది. ఆ నష్టం ఏ లెడ్జర్లోనూ ఎక్కలేదు. ఖాళీ స్థలంలో నష్టపోయినవాళ్లు ఎలా ఉంటారు మరి?

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. విద్యార్థులు దీన్ని జాగ్రత్తగా చదవండి.

2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రభుత్వం భూమి సేకరిస్తే సామాజిక ప్రభావ అంచనా చేయాలి. ఆ చట్టంలో ఒక మంచి సంగతుంది. సెంటు భూమి లేకపోయినా, మూడేళ్లుగా ఆ భూమి మీద కూలి చేసుకుని బతికే కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబంగానే లెక్కిస్తుంది. అయితే యూనివర్సిటీ తన భూమిని తనే వాడుకుంటే అది సేకరణ కాదు. కాబట్టి ఆ చట్టం అక్కడికి రాదు. పోనీ పర్యావరణ చట్టం అందామా? సోలార్ ఫొటోవోల్టాయిక్ ప్రాజెక్టులు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పరిధిలోకి రావు. అంటే దాని కింద జరగాల్సిన పబ్లిక్ హియరింగ్ కూడా లేదు.

రెండూ కలిపి చూడండి. పాలకమండలి ఒక తీర్మానం చేసి, టెండరు పిలిచి, ఒక కంపెనీతో పాతికేళ్ల ఒప్పందం రాసుకోవచ్చు. గోడ పక్కన పడుకునే మనిషిని ఈ రెండు చట్టాల కింద ఎక్కడా అడగక్కర్లేదు. వీసీ పదవి మూడేళ్లు. పీజీ రెండేళ్లు. ఒప్పందం పాతికేళ్లు. సంతకం పెట్టినవాళ్లూ చప్పట్లు కొట్టినవాళ్లూ అందరూ వెళ్లిపోతారు. పల్లె మాత్రం అక్కడే ఉంటుంది.

“భూమి వాళ్లది, వాళ్లిష్టం, మధ్యలో పల్లెకేం హక్కు?” అంటారు కొందరు. యూనివర్సిటీ భూమి ఎవడి తాతదీ కాదు, పబ్లిక్‌ది. పబ్లిక్ అంటే ఎవరు అన్న ప్రశ్నని బాబాసాహెబ్ 1927లోనే మహద్‌లో అడిగారు. చౌదార్ చెరువు కూడా పబ్లిక్ చెరువే. దాన్ని అందరికీ తెరిచామని మున్సిపాలిటీ తీర్మానం కూడా ఉంది. కాగితం మీద తెరిచిన చెరువులో మనవాళ్లు నీళ్లు ముట్టుకుంటే తలలు పగలగొట్టారు. అందుకే ‘పబ్లిక్ ఆస్తి’ అనే మాట వినపడగానే ఆ పబ్లిక్‌లో పల్లె ఉందా లేదా అని అడగాలి.

యూనివర్సిటీ వ్యవహారం చిన్నది కాబట్టి అక్కడేం జరుగుతుందో కంటికి ఆనదు. పెద్ద పార్కులు చూస్తే తెలుస్తుంది. అనంతపురం సరిహద్దు దాటితే కర్ణాటకలో పావగడ ఉంది. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది. సుమారు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు కట్టారు. భూమి కొనలేదు, లీజుకి తీసుకున్నారు. ఎకరానికి ఏడాదికి 21 వేల రూపాయలు, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంపు. భూమి రైతు పేరునే ఉంటుంది. దేశమంతా దీన్ని ఆదర్శమంది. కరువు సీమలో ఆసామికి అది మంచి బేరమే. మరి ఆ ఆసామి పొలంలో వేరుశనగ పీకిన కూలి మనిషికి ఎంత? సున్నా. అద్దె భూమికి వస్తుంది, చెమటకి రాదు. పొలం పోతే కలుపు పోయింది, కోత పోయింది, మేకలకి మేతా పోయింది. మిగిలింది వాచ్‌మన్ పని, ప్యానెళ్లు కడిగే పని, కింద గడ్డి కోసే పని. అదీ కాంట్రాక్టరు దయ.

మన రాష్ట్రంలో ఎన్.పి.కుంట చూడండి. 1,500 మెగావాట్ల పార్కు అన్నారు. పట్టా ఉన్నవాడికి ఒక లెక్క, డి.పట్టా వాడికి ఇంకో లెక్క, ఏళ్ల తరబడి దున్నుకుంటూ చేతిలో కాగితం లేనివాడికి అసలు లెక్కే లేదని అక్కడి రైతులు అప్పుడే మొత్తుకున్నారు. డి.పట్టాలు, కాగితం లేని సాగు ఎక్కువగా ఏ కులాల దగ్గర ఉంటాయో మీకు నేను చెప్పాలా?

ఇక మా డెల్టా సంగతి. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు నేల నల్లరేగడి. మెరక మీద ఊరు, పల్లంలో పల్లె. తుపాను వస్తే నీళ్లు ముందు ఎవరింట్లోకి వస్తాయో అందరికీ తెలుసు. ఇలాంటి చోట నేల మీద ప్యానెళ్లు పెట్టాలంటే మట్టి తోలి మెరక చేస్తారు, చుట్టూ గట్టు పోస్తారు. ఆ నీళ్లు ఎటు పోవాలి? పల్లెలోకే. డ్రైనేజీ ప్లాన్ చూపించండి అని అడిగితే అభివృద్ధి నిరోధకులు అంటారు. మోకాలి లోతు నీళ్లలో బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని నిలబడినవాళ్లు అడిగే ప్రశ్న అది.

సరే, నేల వద్దంటే ఎక్కడ పెట్టాలి? తల పైకెత్తి చూడండి. హాస్టళ్లు, లైబ్రరీ, ఆడిటోరియం, పరిపాలనా భవనం, ఇండోర్ స్టేడియం, కార్ల పార్కింగు. నేల మీద ఒక మెగావాట్‌కి నాలుగైదు ఎకరాలు కావాలి, ఎందుకంటే ఒక వరస నీడ ఇంకో వరస మీద పడకుండా మధ్యలో జాగా వదలాలి. డాబా మీద కిలోవాట్‌కి సుమారు 100 చదరపు అడుగులు. అంటే మెగావాట్‌కి లక్ష చదరపు అడుగులు, రెండున్నర ఎకరాల లోపే. కంపెనీకి ఇది నచ్చదు. పది భవనాల మీద పది చోట్ల పని చేయడం కంటే ఒకే చోట ఒకే కంచె, ఒకే మీటరు వాళ్లకి చవక. ఆ చవకలో పల్లె పోగొట్టుకునేది కలపరు కాబట్టే అది చవక.

ఇంకో తమాషా చూడండి. ఎస్సీ ఎస్టీ ఇళ్ల మీద రెండు కిలోవాట్ల ప్యానెళ్లు ఉచితంగా పెడతామని ప్రభుత్వం చెబుతోంది. పెట్టండి, సంతోషం. కానీ మా కాలనీ ఇంటి కప్పు కనపడ్డ వాళ్లకి యూనివర్సిటీ డాబా ఎందుకు కనపడదు?

అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ తన పొలాల్లో, ఇళ్లకి దగ్గర్లో, 54 ఎకరాల్లో సోలార్ పెట్టింది. తేనెటీగల కోసం పూల మొక్కలు కూడా నాటింది. మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ యూనివర్సిటీకి పునాది 1862 నాటి మోరిల్ చట్టం. ఆ చట్టం పంచిపెట్టిన భూమి అక్కడి మూలవాసుల దగ్గర లాక్కున్నది. తేనెటీగకి చోటు దొరికింది. నేల పోగొట్టుకున్నవాళ్ల ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

ఇదే మాట మన విద్యార్థులకీ చెప్పాలి. 2025 మార్చి చివర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వచ్చినప్పుడు మీరు నిలబడ్డారు. లాఠీలు తిన్నారు, అరెస్టయ్యారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అక్కడ ప్రభుత్వం చూపించింది ఐటీ, మీరు చూపించింది జింకలు, నెమళ్లు, చెరువులు. ఇది ఖాళీ కాదు అని దేశానికి చెప్పారు. మీకు జై భీమ్. ఇప్పుడు నా ప్రశ్న ఒక్కటే. జింక కోసం లేచిన గొంతు, మేకలు కాసుకునే ముసలమ్మ కోసం లేస్తుందా? వచ్చేది బుల్డోజర్ కాకుండా ‘గ్రీన్ ఎనర్జీ’ బోర్డు అయితే కూడా లేస్తుందా?

లేవాలి. లేచి ఇవి అడగాలి:

1. ముందు డాబాలు, పార్కింగులు. వాటి లెక్క బయట పెట్టకుండా నేల మీద ఒక్క గుంజ పాతకూడదు.

2. నేల తప్పదంటే, చట్టం అడగకపోయినా, కంచె పక్క పల్లెలో సభ పెట్టాలి. ఆడవాళ్లు పని నుంచి వచ్చాక, సాయంత్రం పెట్టాలి.

3. బాట, మేత, నీళ్లు పోయే దారి మ్యాపులో గీసి, వాటిని వదిలేయాలి.

4. ప్యానెళ్లు ఎత్తుగా పెట్టి, కింద సాగుకి పల్లె మహిళా సంఘాలకి లీజు ఇవ్వాలి. ఎత్తు ప్యానెళ్ల కింద పంట తీయడం ఇవాళ వింత కాదు. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది, లాంలో వ్యవసాయ యూనివర్సిటీ ఉంది. మన మినుముకి, ఆకుకూరలకి ఏ ఎత్తు సరిపోతుందో వాళ్లు తేల్చి చెప్పగలరు.

5. ఆ పాతికేళ్లూ అక్కడి ఉద్యోగాలు పల్లె పిల్లలకే, అదీ కాంట్రాక్టరు ద్వారా కాకుండా.

ఇవాళే చేయగలిగిన పని ఒకటుంది. మీ యూనివర్సిటీకి ఒక ఆర్టీఐ పెట్టండి. పది రూపాయల ఫీజు. మూడు ప్రశ్నలు చాలు: మొత్తం డాబాల విస్తీర్ణం ఎంత? సోలార్ కోసం గుర్తించిన భూమి సర్వే నంబర్లు ఏవి? ఆ నంబర్లకి ఆనుకుని ఉన్న ఇళ్లవాళ్లతో ఎప్పుడు మాట్లాడారు? జవాబు వచ్చాక దాన్ని పల్లెలో చదివి వినిపించండి.

వచ్చే భాగంలో డి.పట్టా భూముల గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.