మాంధాత బొమ్మ, సముదని పేరు

మా పేట వాళ్ళని మీ వైపు ఏముందని అడగండి. వేదాద్రి నరసింహస్వామి, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ, సిమెంటు ఫ్యాక్టరీలు అంటారు. ధనబోడు పేరు చివర్న వస్తుంది, రాకపోనూ వచ్చు.

ఆ బోడు మీద బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ అనే దొర తవ్వించాడు. అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం వల్లే కళాచరిత్ర పుస్తకాల్లో జగ్గయ్యపేట పేరుంది. దాదాపు క్రీ.పూ. 1వ శతాబ్దం నాటిదట. రాజుగారు చెయ్యెత్తితే మబ్బుల్లోంచి పలకల నాణేలు వానలా పడుతుంటాయి. చుట్టూ సప్తరత్నాలు: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, ఖజానా చూసే గృహపతి, మంత్రి. ఏనుగుతో, గుర్రంతో కలిపి రాణిగారినీ లెక్కేశారు, పేరు కూడా లేకుండా! అసలు శిల్పం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది.

నాకు మాత్రం అక్కడి శాసనమే ఎక్కువ ఇష్టం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట, అంటే క్రీ.శ. 3వ శతాబ్దంలో, సిద్ధథుడనే శిల్పి ఈ స్తూపం తూర్పు వాకిట అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టాడు. రాజు కాదు, సేటు కాదు, రాతి పనివాడు. తండ్రి నాకచందుడిదీ అదే పని. దానం చేస్తూ తల్లి నాగిలనిని ముందు పెట్టుకుని, తర్వాత 'ఘరణి' సముదనిని, పిల్లల్ని, తోడబుట్టినవాణ్ణి, అతని భార్యని పేరుపేరునా చెక్కించాడు. ఘరణి అంటే గృహిణే. బి.ఏ.లో ప్రాకృతం నుంచి వచ్చిన మాటలు బట్టీ పట్టాను గానీ, ఫారాల్లో నేను రాసే 'గృహిణి' పదిహేడు వందల ఏళ్ళ కిందటే మా ఊరి రాతి మీద ఉందని ఎవరూ చెప్పలేదు.

మన పిల్లలు బొమ్మల పోటీ అంటే తాజ్‌మహలే వేస్తారు. అటు హైదరాబాదు, ఇటు బెజవాడ, మధ్యలో హైవే మీద బస్సాగే ఊళ్ళు మనవి అనుకుంటూ పెరుగుతున్నారు. నాకు బాధ అక్కడే.

శిల్పాన్ని వెనక్కి తెప్పించాలంటే కాదనను. అయితే అదొచ్చేదాకా కూర్చోనక్కర్లేదు. అమెరికాలో మెక్సికో మూలాలున్న జూడీ బాకా అనే చిత్రకారిణి 1970ల్లో కుర్రకారుని కూడగట్టి, లాస్ ఏంజెలిస్‌లో ఒక కాలువ గోడ మీద తమవాళ్ళ చరిత్రంతా బొమ్మలుగా వేయించింది. మ్యూజియం వాళ్ళు పిలుస్తారని చూడలేదు.

మనకి గోడలు లేవా? నందిగామలో, పేటలో బడి గోడల మీద పిల్లల చేతే నాణేల వాన వేయిద్దాం. పక్కనే సిద్ధథుడి ఇంటిల్లిపాదినీ వేయిద్దాం, పేర్లతో సహా. ముందు అత్తగారు, తర్వాత కోడలు, ఆయన చెక్కించిన వరసలోనే. రంగులకి అయ్యేది వినాయక చవితి పందిరి ఖర్చులో పావు వంతు కూడా ఉండదు.