కంప్యూటర్ తీసేసిన కార్డుకు ఎవరు జవాబుదారీ?

కృత్రిమ మేధ గురించి మన దగ్గర ఎప్పుడు మాట మొదలైనా అది హైటెక్ సిటీ పొలిమేర దాటదు. కోడింగ్ ఉద్యోగాలు ఉంటాయా, పిల్లలు సొంతంగా ఆలోచించడం మానేస్తారా, బీటెక్‌లో ఏ బ్రాంచి తీసుకుంటే మంచిది! 2024 సెప్టెంబరులో హైదరాబాద్‌లో ఏఐ సదస్సు పెట్టినా, 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో వాట్సాప్ పాలన మొదలుపెట్టినా ప్రధానంగా వినిపించింది వేగం, పారదర్శకత, ఆదా. యంత్రం పొరపాటు పడితే పేదింటి కంచంలో ఏమవుతుందన్న లెక్క ఎవరికీ పట్టలేదు. ఆ లెక్క తెలంగాణలోనే ఉంది: 15,471.

2016 నుంచి తెలంగాణలో రద్దు చేసిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 4,91,899 దరఖాస్తులు వచ్చాయి. ఆ ఏడాది జులై నాటికి 2,05,734 చూశారు. వాటిలో 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. తేల్చింది ప్రతిపక్షమో పౌరసంఘాలో కావు, స్వయంగా ప్రభుత్వ సిబ్బందే. నూటికి ఏడున్నర.

‘ఏడున్నరే కదా, మిగతాదంతా సరిగ్గానే ఉంది కదా’ అని వాదించేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. తెలంగాణలో మనిషికి నెలకు ఆరు కిలోల బియ్యం. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. కార్డు పోయిన నెల నుంచి ఆ 24 కిలోలూ బజారు ధరకు కొనుక్కోవాలి, లేదా ఒక పూట మానుకోవాలి. అలాంటి ఇళ్లు 15,471. పైగా ఇది దరఖాస్తు పెట్టుకోగలిగి, అధికారులు చూసేదాకా ఆగగలిగినవాళ్ల లెక్క. కార్డు ఎందుకు పోయిందో తెలియనివాళ్లు, పనులు వెతుక్కుంటూ వలస పోయినవాళ్లు ఇందులో ఎందరుంటారు?

ఈ ఏరివేతలో వాడిన వ్యవస్థ పేరు సమగ్ర వేదిక. రవాణా శాఖ వాహనాల జాబితా, ఆస్తిపన్ను, కరెంటు కనెక్షన్లు, ఇలా వేర్వేరు శాఖల రికార్డులను ఒకచోట చేర్చి, పేర్లూ చిరునామాలూ పోల్చి ‘ఈ మనిషి, ఆ మనిషి ఒకరే’ అని అది తేలుస్తుంది. ఒక ఊళ్లో పదిమంది లక్ష్మిలు, ఒకే ఇంటిపేరుతో నలుగురు వెంకటేశ్వర్లు ఉండే నేల ఇది. ఒక్కో కాగితంలో పేరు ఒక్కో రకంగా ఉంటుంది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయనకు కారుందని రికార్డుల్లోకి ఎక్కింది. ఆ కారు దగ్గరి పేరున్న మరొకరిది. ఆయన కుటుంబం రేషన్ కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

బోగస్ కార్డులు లేవని ఎవరూ అనడం లేదు. వాటిని ఏరాల్సిందే. యంత్రం అనుమానాన్ని చూపించాక మనిషి వెళ్లి ఇల్లు చూసి నిర్ణయించాలి. జరిగింది వేరు. తెర మీద ‘అనర్హులు’ అని కనబడ్డాక ఇంటికి వెళ్లి చూడాలన్న బుద్ధే పుట్టలేదు. కళ్లెదుట చిరిగిన చీరతో నిలబడ్డ మనిషికన్నా తెర మీది వరుసే నిజమనిపించింది. సాంకేతికత పిల్లల ఆలోచనను చంపేస్తోందని దిగులుపడే పెద్దలు ముందు తహసీల్దారు కార్యాలయానికి వెళ్లి చూడాలి. ‘మా చేతుల్లో ఏం లేదమ్మా, కంప్యూటర్ అలా చూపిస్తోంది’ అన్న మాట కన్నా పెద్ద ఆలోచనా మరణం ఏముంటుంది? ఊళ్లో ఎవరికి కారుందో వీఆర్వోకు తెలిసేది. వాళ్లలో లంచగొండులూ ఉండేవారు, నిజమే. లంచగొండి మీద ఫిర్యాదు చేయొచ్చు. సాఫ్ట్‌వేర్ మీద ఏ కిటికీ దగ్గర చేయాలి?

నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో పన్నుల శాఖ అల్గారిథం సాయంతో వేలాది కుటుంబాలను అన్యాయంగా మోసగాళ్లుగా ముద్రవేసింది. 2021 జనవరిలో రుట్టే ప్రభుత్వం మొత్తం రాజీనామా చేసింది. ఆస్ట్రేలియాలో రోబోడెట్ పేరిట జరిగిన తప్పుడు వసూళ్లపై రాయల్ కమిషన్ వేశారు, డబ్బు తిరిగిచ్చారు. మన దగ్గర 15,471 ఎన్నికల సభల్లో కూడా వినిపించే అంకె కాలేదు. 2025లో కొత్త కార్డులు పంచామని చెబుతారు. సంతోషం. కొత్త కార్డు ఇవ్వడం వేరు, అన్యాయంగా లాక్కున్న కార్డుకు జవాబు చెప్పడం వేరు. అన్నేళ్ల బియ్యం ఎవరిస్తారు?

ఏఐ నగరానికి శంకుస్థాపనలు చేసే ముందు ప్రభుత్వం ఈ పని చేయాలి. సమగ్ర వేదిక ఏ నియమాలతో పేర్లు కలుపుతుందో, ఎన్నిసార్లు తప్పిందో బయటపెట్టాలి. కార్డు తీసేసే ప్రతి ఉత్తర్వు మీద ఒక అధికారి పేరు, సంతకం, ఇంటికి వెళ్లిన తేదీ ఉండాలి. విచారణ ముగిసేదాకా బియ్యం ఆగకూడదు. 2022 జులై నాటికి చూడకుండా మిగిలిన దరఖాస్తులు 2,86,165. వాటిలో ఎన్ని ఇళ్లకు ఎవరు వెళ్లారో, ఏం తేల్చారో గ్రామసభల్లో పేరుపేరునా చదివి వినిపించాలి. అర్హులని తేలిన ప్రతి ఇంటికీ, కార్డు పోయిన నెల నుంచి లెక్కగట్టి, బియ్యం డబ్బు చెల్లించాలి.