పక్కింటి పాపకి అత్త లేదు

పోయిన వారం సుగ్గి బండ్ల గురించి రాశాను. ఇది దానికి కొనసాగింపే అనుకోండి.

మా అన్న కూతురు జనవరిలో నవోదయ పరీక్ష రాసింది. ఫలితం ఇంకా రాలేదు. రాకముందే ఇది రాసేయాలని కూర్చున్నా. సీటొస్తే నా మాట ఎవరూ వినరు. "మాదిగ వాడ నుంచి నవోదయకి" అని ఫొటో పెట్టి చప్పట్లు కొడతారు. రాకపోతే అందని ద్రాక్ష పుల్లన అంటారు. అందుకే ఇప్పుడే చెప్తున్నా.

తెలియని తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ముందు పరీక్ష సంగతి. ఐదో తరగతి పిల్లలు ఆరో తరగతిలో చేరడానికి రాసేది. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. ఒక్కో బడిలో 80 సీట్లకి మించవు. ఒకసారి రాసిన పిల్ల మళ్లీ రాయడానికి లేదు. ప్రశ్నల్లో సగం, అంటే 40 ప్రశ్నలు, 50 మార్కులు, మెంటల్ ఎబిలిటీకే. అవన్నీ బొమ్మలు. నాలుగింటిలో తేడా ఉన్నదేది, అద్దంలో ఎట్లా కనిపిస్తుంది, కాగితం మడిచి చిల్లు పెడితే విప్పినప్పుడు చిల్లులు ఎక్కడుంటాయి, ఇట్లాంటివి పది రకాలు. మిగతా సగం లెక్కలూ భాషా. "పల్లెటూరి ప్రతిభావంతులైన పిల్లల్ని" ఏరడం దీని పని అంటారు.

నేను ఆదోనిలో ఉంటా. జూన్ నుంచి శని, ఆదివారాలు ఊరికి పోయి చిన్నదాన్ని కూర్చోబెట్టుకున్నా. మొదటిసారి పాత పేపరు ఇస్తే 80కి 27 కరెక్టు. ఎక్కడ తప్పిందో ఒక్కొక్కటే చూశా. సగం తప్పులు బుర్రకి సంబంధించినవి కావు. నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనే ప్రశ్న దానికి కొత్త. గుండ్రాలు దిద్దే షీటు కొత్త. నంబరు 14 జవాబు 15 ఎదురుగా దిద్దింది, అక్కణ్నుంచి వరస మొత్తం పోయింది. తెలుగు పేరాలో "ఆవశ్యకత" అని ఉంటే, "అత్తా, అంటే ఏంది?" అని అడిగి అక్కడే ఆగిపోయింది. అవసరం అని చెప్తే నాలుగు ప్రశ్నలకి జవాబులు గబగబా చెప్పేసింది.

వడ్డీ లెక్క మాత్రం నేను మర్చిపోలేను. వెయ్యి రూపాయలకి 12 శాతం చొప్పున ఏడాదికి సాధారణ వడ్డీ ఎంత? పుస్తకం జవాబు 120. మా పిల్ల 1440 అని రాసింది. ఎట్లొచ్చిందే అంటే, "నూటికి పన్నెండు. వెయ్యికి నూట ఇరవై. పన్నెండు నెలలకి అంతే గదా" అంది. మా వాడలో వడ్డీ అంటే నెలకే. నూటికి మూడు రూపాయలు అంటే నెలకి మూడు, ఏడాదికి ముప్పై ఆరు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తెచ్చుకున్న ఇంట్లో పిల్లకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. గుణకారం ఎక్కడా తప్పలేదు. దానికి తెలియంది శాతం అంటే ఏడాదికి అనుకోవాలన్న బ్యాంకు అలవాటు. ఆ జవాబుకి సున్నా మార్కులు.

డిసెంబరు నాటికి 80కి 61 దాకా వచ్చింది. ఆరు నెలల్లో పిల్ల తెలివి రెండింతలైందా? కాలేదు. జూన్‌లో ఎంత తెలివి ఉందో డిసెంబరులోనూ అంతే. పేపరు అలవాటైంది, అంతే. ఆ అలవాటుకి "ప్రతిభ" అని పేరు పెట్టడం దగ్గరే నా గొడవంతా.

తెలివిని కొలిచే ఇట్లాంటి పరీక్షలు ఎక్కడ మొదలయ్యాయో చూడండి. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, తియోడోర్ సిమోన్ కలిసి మొదటి పరీక్ష తయారుచేశారు. చదువులో వెనకబడే పిల్లలెవరో కనుక్కుని వాళ్లకి ఎక్కువ సాయం చేయడానికి. తెలివి పుట్టుకతో గడ్డకట్టుకుపోయేది కాదని, పెంచొచ్చని బినే గట్టిగా నమ్మాడు. తర్వాత అమెరికాలో లూయీ టెర్మన్ దాన్నే తీసుకుని 1916లో తిరగరాశాడు. పుట్టుకతోనే ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని పిల్లల్ని వరసలో నిలబెట్టే పనికి పెట్టారు. చెయ్యి పట్టుకోవడానికి పుట్టిన పరీక్ష తలుపు మూయడానికి పనికొచ్చింది. పుట్టుకని బట్టి తెలివి అనే మాట మనకి కొత్తేం కాదు. మన తాతలు వేల ఏళ్లు విన్నారు.

ఇప్పుడు పక్కింటి పాప సంగతి.

నేను చిన్నదానికి చెప్తుంటే ఆ పాప కూడా అరుగు మీదకొచ్చి కూర్చునేది. తనదీ ఐదో తరగతే. చిల్లుల బొమ్మలు మా పిల్లకి నెల పట్టాయి. పక్కింటి పాప మొదటి రోజే పాత పేపరు ముక్క మడిచి, చించి, విప్పి చూసింది. రెండుసార్లు అట్లా చేసింది. మూడోసారి నుంచి కాగితం ముట్టుకోకుండానే జవాబు చెప్పింది. "పీర్ల పండక్కి రంగు కాగితాలు మడిచి కత్తిరిస్తాము గదత్తా, ఇదీ అదే" అంది. వరసకి నేను తనకేమీ కాను. మా పిల్ల అత్తా అంటుంది కాబట్టి తనూ అత్తా అంటుంది.

ఇద్దరికీ దరఖాస్తు పెడదామని బడికి పోయా. అక్కడ ఆగిపోయింది. పల్లె కోటాలో రాయాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒక్కోటీ పూర్తి విద్యా సంవత్సరం పల్లెటూరి బడిలో చదివి ఉండాలి. ఈ పాప మూడో తరగతిలో ఉన్నప్పుడు అమ్మానాన్నలతో గుంటూరు వైపు సుగ్గికి పోయింది. మిరప చేలో గుడారం దగ్గర తమ్ముణ్ని ఎత్తుకుని నాలుగున్నర నెలలు గడిపింది. బళ్లో పేరు తీసేశారు. జూన్‌లో నాలుగులో మళ్లీ రాశారు. రిజిస్టర్లో ఆ గుంట అట్లాగే ఉంది. ఇప్పుడున్న సారు మంచాయనే. "ఉన్నది ఉన్నట్టు రాయాలమ్మా, లేనిది ఎట్లా రాసేది" అన్నాడు. నేను ఆయన్ని తప్పు పట్టను.

నిబంధన పెట్టింది పట్నం పిల్లలు పల్లె సీట్లు కొట్టేయకుండా. 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే అన్నది మంచి నియమం, పోరాడి కాపాడుకోవాల్సింది. కానీ ఆ కంచెలో పల్లెలోకెల్లా పేద పిల్ల ఇరుక్కుంది. సుగ్గికి పోయేదెవరో, పొలమున్నవాళ్ల పిల్లలా మన పిల్లలా, మీకు చెప్పక్కర్లేదు.

ఊళ్లో ఒకాయన నన్నడిగాడు, "మీకు రిజర్వేషన్ ఉండనే ఉంది, మళ్లీ ఈ ట్రైనింగెందుకు?" అని. ఉంది. ఎస్సీలకి 15 శాతానికి తగ్గకుండా ఉంది, ఉండాలి కూడా. అయితే ఆయనకి చెప్పని మాట మీకు చెప్తా, మనలో మనం మాట్లాడుకోవాల్సింది కాబట్టి. ఆ 15 శాతంలో సీటొచ్చేది మా అన్న కూతురిలాంటి పిల్లకి. డిగ్రీ చదివిన అత్త, స్మార్ట్‌ఫోను, ఆదోని నుంచి తెచ్చిన పాత పేపర్లు, ఏడాదంతా ఊళ్లోనే ఉండే అమ్మా. పక్కింటి పాపకి ఇవేవీ లేవు. రేపు మా పిల్లకి సీటొస్తే దాని మెరిట్‌లో నా బస్సు చార్జీలు కూడా ఉన్నాయి. ఈ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉంది. మన వాడలో మొదట చదువుకున్నవాళ్లం మనం. మన ఇంటి గడప దాటి చూడకపోతే మనం కూడా చిన్న సైజు అగ్రహారం కడుతున్నట్టే.

ఒక్క పిల్లని బయటికి తీసుకుపోయి మంచి బడిలో పెట్టి, మిగతావాళ్లని అదే పాత బడిలో వదిలేయడం ప్రతిభ పేరుతో 1986 నుంచి విధానంగా నడుస్తోంది. అంతకు ఇరవై ఏళ్ల ముందే కొఠారి కమిషన్ అందరికీ ఒకే తరహా బడి కావాలంది. ఇంకా వెనక్కి పోతే, 1882లో హంటర్ కమిషన్ ముందు జ్యోతిరావు ఫూలే అడిగిందీ ఇదే. పన్నులు కట్టేది రైతూ కూలీ, ఖర్చు మాత్రం పైకులాల పిల్లల పెద్ద చదువులకా, ముందు కింది వాళ్ల ప్రాథమిక విద్య చూడండి అని. నూట నలభై ఏళ్లు దాటినా ఆ అర్జీ ఇంకా పెండింగే.

అయితే నవోదయ వద్దంటున్నానా? లేదు. దొరికిన తలుపు దొరికినట్టు తోసుకుని పోవాల్సిందే. మా పిల్లకి సీటొస్తే ట్రంకు పెట్టె నేనే మోస్తా. పిల్లల్ని తయారుచేసేటప్పుడు మాత్రం కొన్ని చేయండి.

"తెలివైన పిల్ల" అని ఒక్కదాన్నే ఏరుకోవద్దు, ఆ పని పరీక్ష ఎట్లాగూ చేస్తుంది. వాడలో ఆ ఈడు పిల్లలందరినీ అరుగు మీద కూర్చోబెట్టండి. సీటు రాని పిల్లకి కూడా శాతం లెక్క, పేరా చదివి అర్థం చేసుకోవడం మిగులుతాయి. బొమ్మలకి గైడు కంటే పాత పేపరూ కత్తెరా మేలు.

ఐదో తరగతికి వచ్చాక పరుగెత్తితే లాభం లేదు, మూడో తరగతి నుంచే రిజిస్టరు చూడండి. సుగ్గి బండి కదిలే ముందే బడికి పోయి పేరు తీయొద్దని అడగండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా పిల్లని బడి నుంచి తీసేయడానికి లేదు. సీజనల్ హాస్టలు తెరవమని అర్జీ పెట్టండి, తెరిచేదాకా తిరగండి.

ఆఖరిది, ఫలితం వచ్చిన రోజు ఇంట్లో ఉండండి. మా చిన్నన్న కూడా చిన్నప్పుడు ఈ పరీక్ష రాశాడు. రాలేదు. "మొద్దు" అని మా నాయన ఒకే ఒక్కసారి అన్నాడు. ఎనిమిదిలో బడి మానేసిన రోజు మా అన్న ఆ మాటే తిరిగి చెప్పాడు, "నేను మొద్దునని మీరే గదా అన్నారు" అని. పదేళ్ల పిల్లకి రెండు గంటల్లో వేసిన ముద్ర నలభై ఏళ్లొచ్చినా పోలేదు.

పరీక్ష రోజు మా పిల్లని సెంటర్లో దించి బయట చెట్టు కింద కూర్చున్నా. పక్కింటి పాప ఆ పొద్దు కూడా మిరప చేలోనే ఉంది. సాయంత్రం వాళ్ల నాయన ఫోన్ నుంచి చేసింది. "అత్తా, చిల్లుల బొమ్మలు వచ్చినాయా?" అని అడిగింది.

నాలుగొచ్చాయని చెప్పా. ఏప్రిల్‌లో వాళ్లు తిరిగొచ్చేసరికి ఆ పేపరు తీసిపెట్టి ఉంచుతా. ఈసారి అరుగు మీద మూడో తరగతి పిల్లలు కూడా ఉంటారు.

జై భీమ్. జై సావిత్రి.

(వచ్చే ఆదివారం: సీజనల్ హాస్టలు కోసం అర్జీ ఎట్లా రాయాలి)